చిన్న మద్యం దుకాణం మొదలుపెట్టినప్పుడు పెట్టుబడి ఎక్కడ ఇరుక్కుంటుంది: ఒక కేస్ స్టడీ

చిన్న రిటైల్ దుకాణాలకు లెక్కలు, స్టాకు పద్ధతులు కుదిర్చిపెట్టడం నా వృత్తి. మద్యం దుకాణం పెట్టాలని వచ్చేవాళ్లలో చాలామంది కూర్చోగానే ఒక మాట అంటారు: "మందు అమ్ముడుపోకుండా ఉంటుందా సార్?" ఉండదు. ఎప్పటికో అప్పటికి ప్రతి సీసా అమ్ముడుపోతుంది. అయితే ఈలోగా అద్దె కట్టాలి, జీతాలివ్వాలి, లైసెన్స్ గడువు కూడా రోజురోజుకీ తరిగిపోతుంటుంది. డబ్బేమో దుమ్ము పట్టిన సీసాల్లో ఉండిపోతుంది. నేను చూసినంతవరకు ఈ వ్యాపారంలో దెబ్బతిన్న చిన్న దుకాణాలకు గిరాకీ లేకపోవడం కన్నా సరుకులో డబ్బు ఇరుక్కుపోవడమే పెద్ద సమస్య.

ఇక్కడ చెప్పేది భార్యాభర్తలిద్దరూ కలిసి పెట్టుకున్న ఒక దుకాణం సంగతి. వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను కానీ పేర్లూ ఊరూ చెప్పను. ఆయన కిరాణా కొట్టు నడిపిన మనిషి. ఆమెకు అకౌంట్స్ బాగా వచ్చు. మొత్తం పెట్టుబడిని 100 భాగాలు అనుకుని లెక్కలు చెబుతాను. ఎవరు ఎక్కడ చదివినా తమ అంకెలు పెట్టుకుని చూసుకోవచ్చు.

మొదట తెచ్చిన ప్లాన్

వాళ్లు తెచ్చిన కాగితంలో లైసెన్స్ ఫీజుకూ డిపాజిట్‌కూ 30, షాపు అడ్వాన్సు, రాక్‌లు, ఫ్రిజ్‌లకు 20, సరుకుకు 45, చేతిలో రొక్కం 5. సరుకు జాబితా తిప్పి చూస్తే అందులో దాదాపు మూడో వంతు ఖరీదైన సింగిల్ మాల్ట్ విస్కీలు, విదేశీ బ్రాండ్లు. ఎందుకని అడిగితే ఆయన రెండు కారణాలు చెప్పారు. షాపు నిండుగా కనబడాలి, మార్జిన్ వాటిలోనే ఎక్కువ.

అప్పుడు రెండు సీసాల లెక్క వేసి చూపించాను. మొదటిది 100 పెట్టి కొని 110కి అమ్మేది. లాభం 10. పది రోజులకోసారి అమ్ముడవుతుంది, అదే డబ్బుతో మళ్లీ ఇంకోటి తెస్తాం. అలా ఏడాదిలో ఆ 100 సుమారు 36 సార్లు తిరుగుతుంది, చేతికొచ్చే లాభం 360. రెండోది 100 పెట్టి కొని 130కి అమ్మేది. లాభం 30, చూడ్డానికి మూడింతలు. కానీ ఆరు నెలలకొకటి కదులుతుంది. ఏడాదికి 60. ఆమె కాసేపు కాగితం వైపు చూసి, "అంటే రాక్‌లో ఎన్నాళ్లుంటే అన్నాళ్లూ దానికి మనం వడ్డీ కడుతున్నట్టే కదా సార్" అన్నారు. సరిగ్గా అంతే.

రిటైల్ మార్జిన్‌ను ప్రభుత్వమే నిర్ణయించే చోట ఈ లెక్క ఇంకా గట్టిగా పనిచేస్తుంది. అక్కడ ధర పెంచే వీలుండదు, తగ్గించి గిరాకీని లాక్కునే వీలూ చాలాసార్లు ఉండదు. దుకాణదారు చేతిలో మిగిలేవి రెండే. ఏ సరుకు పెట్టాలి, ఎంత పెట్టాలి.

కిరాణా నడిపిన ఆయనకు ఇంకో అలవాటు ఉంది. సరుకు ముందు దింపుకోవడం, అమ్మాక డబ్బు కట్టడం. మద్యంలో ఆ వెసులుబాటు తక్కువ. ధరలో పెద్ద భాగం పన్నే. చాలాచోట్ల ముందు డబ్బు కడితేనే సరుకు బయటికి వస్తుంది. అరువు దొరికే చోట కూడా హద్దులుంటాయి. ఉదాహరణకు అమెరికాలో ఫెడరల్ నిబంధనల ప్రకారం హోల్‌సేలర్ రిటైలర్‌కి 30 రోజులకు మించి అరువు ఇవ్వకూడదు. చేతిలో 5 భాగాల రొక్కంతో మొదలుపెడితే రెండో లోడుకే చేతులెత్తేయాలి. బాగా నడిచే సరుకు అయిపోయి, నడవని సరుకు మాత్రం నిండుగా ఉన్న దుకాణం మూతపడటానికి ఎక్కువ కాలం పట్టదు.

అందుకని సరుకును 45 నుంచి 30కి తగ్గించాం. రొక్కాన్ని 20కి పెంచాం. ఖరీదైన సీసాలు పూర్తిగా తీసేయలేదు, బహుమతి కోసం వెతుక్కుంటూ వచ్చేవాళ్లు అన్నిచోట్లా ఉంటారు. ఒక్కో రకం ఒక్కోటి పెట్టి, అది అమ్ముడయ్యాకే ఇంకోటి తేవాలని నియమం పెట్టుకున్నాం. ఎవరైనా రెండు మూడు కావాలంటే ముందే చెప్పించుకుని తెప్పించాలి. షాపు బోసిగా ఉంటుందేమోనన్న ఆయన టెన్షన్‌కి లోతు తక్కువ రాక్‌లు చేయించాం. నడిచే బ్రాండ్‌నే పక్కపక్కన నాలుగు వరసలు పేరిస్తే షాపు నిండుగానే కనిపిస్తుంది, కొనేవాళ్లకూ కావలసింది వెంటనే దొరుకుతుంది.

మరి ఏది నడుస్తుందో దుకాణం తెరవకముందే ఎలా తెలుస్తుంది? హోల్‌సేలర్లు చెప్పేది వినాలి కానీ అదొక్కటే నమ్మకూడదు. వాళ్ల దగ్గర పేరుకుపోయిన సరుకును కొత్త దుకాణానికి అంటగట్టడం మామూలే. చుట్టుపక్కల పాత సామాన్ల కొట్లకు వెళ్లి ఖాళీ సీసాలు చూడమని ఆయన్ని పంపాను. జనం ఏం తాగుతారో అక్కడ కళ్లకు కడుతుంది. అక్కడ ఫుల్ బాటిళ్ల కన్నా క్వార్టర్లు చాలా ఎక్కువ కనిపించాయి. బీరు సీసాలు గుట్టలుగా ఉన్నాయి. వైన్ సీసాలు ఏరుకుంటే దొరికేన్ని. మా మొదటి ఆర్డరుకు అదే ఆధారం.

చోటు, లైసెన్స్

ముందుగా తెలుసుకోవాల్సింది, ప్రైవేటు వ్యక్తి దుకాణం పెట్టే వీలు అసలు ఆ చోట ఉందా అని. స్వీడన్‌లో స్ట్రాంగ్ బీరు, వైన్, స్పిరిట్స్ (విస్కీ, రమ్ లాంటి ఘాటు మద్యం) ఇంటికి తీసుకెళ్లేలా అమ్మే హక్కు దాదాపు పూర్తిగా ప్రభుత్వ సంస్థ సిస్టెమ్‌బొలాగెట్‌దే. అమెరికాలో 1933లో మద్యనిషేధం ఎత్తేశాక ప్రతి రాష్ట్రం తన చట్టం తను చేసుకుంది. 17 రాష్ట్రాల్లో హోల్‌సేల్ వ్యాపారం ఇప్పటికీ ప్రభుత్వం అదుపులోనే ఉంది. భారతదేశంలో మద్యం రాష్ట్రాల జాబితాలోని అంశం కాబట్టి పక్క రాష్ట్రంలో బంధువు చెప్పిన అనుభవం మన దగ్గర పనికిరాకపోవచ్చు. నిబంధన మధ్యలో మారడం కూడా ఉంటుంది. హైవేలకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మకూడదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. 20,000 లోపు జనాభా ఉన్నచోట ఆ దూరాన్ని మరుసటి ఏడాది 220 మీటర్లకు తగ్గించింది. రోడ్డు పక్క దుకాణాన్నే నమ్ముకున్నవాళ్లకు అప్పుడు వేరే చోటు వెతుక్కోవడం తప్ప దారి లేకపోయింది.

ఈ కట్టుబాట్లను విసుక్కునేవాళ్లకు నేను ఒక అంకె గుర్తుచేస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో మద్యం కారణంగా ప్రపంచవ్యాప్తంగా 26 లక్షల మంది చనిపోయారు. మనం అమ్మేది అలాంటి సరుకు. దానికి కాపలా ఉండటం న్యాయమే.

ఈ దంపతులకు మొదట నచ్చిన చోటు మంచి సెంటరు. జనం బాగా తిరుగుతారు, అద్దె కూడా అందుబాటులోనే ఉంది. కాస్త అవతల ఒక స్కూలు. స్కూలుకు ఇంత దూరంలో ఉండాలన్న నిబంధనకు, నడిచే దారిలో కొలిస్తే దూరం సరిపోతుంది. నిబంధన చదివితే దూరం సరళరేఖలో కొలవాలని ఉంది. అలా కొలిస్తే చాలదు. నడిచే దారిలో కొలవాలా, సరళరేఖలోనా, గేటు నుంచా, గోడ నుంచా అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. అది కాగితం మీద చూసుకోకుండా అడ్వాన్సు ఇవ్వకూడదు. చివరికి తీసుకున్న రెండో చోటు కొంచెం లోపలికి ఉంది. అక్కడ ఒప్పందంలో ఒక షరతు రాయించాం: లైసెన్స్ రాకపోతే అడ్వాన్సు మొత్తం వాపసు. ఇంటి యజమాని కాసేపు నసిగి ఒప్పుకున్నాడు. ఒప్పుకోని యజమాని అయితే ఆ చోటు వదులుకోమనే చెబుతాను.

కౌంటర్ దగ్గర

వయసు హద్దు అమెరికాలో 21, జపాన్‌లో 20. జర్మనీలో బీరు, వైన్ కొనడానికి 16, స్పిరిట్స్‌కి 18. భారతదేశంలో రాష్ట్రాన్ని బట్టి 18 నుంచి 25 దాకా ఉంది. అంకె ఏదైనా, మొహం చూసి వయసు అంచనా వేయడం ఎవరివల్లా కాదు. బ్రిటన్‌లో అక్కడి హద్దు 18 అయినా, 25 కన్నా చిన్నగా కనిపించే ప్రతివాళ్లనూ గుర్తింపు కార్డు అడిగే పద్ధతి చాలా దుకాణాల్లో ఉంది. హద్దుకు పైన కొన్నేళ్లు కలుపుకుని అడగడమన్నమాట. మేమూ అదే పెట్టుకున్నాం. కౌంటర్‌లో ఉన్న కుర్రాడు అడగాలా వద్దా అని ఆలోచించాల్సిన పని లేదు. చిన్నగా కనిపించే అందరినీ అడుగుతాడు కాబట్టి ఎవరికీ కోపం రాదు.

ఒక సాయంత్రం నేనక్కడే ఉండగా ఒక పిల్లాడు చీటీ పట్టుకొచ్చాడు. మడతలు పడ్డ చీటీలో బ్రాండ్ పేరు, కింద సంతకం. "నాన్న తెమ్మన్నారు" అన్నాడు. కౌంటర్ కుర్రాడు చీటీ చదివి, డబ్బులతో పాటు తిరిగి వాడి చేతిలోనే పెట్టాడు. "మీ నాన్ననే రమ్మను బాబూ, నీకు ఇవ్వకూడదు" అన్నాడు. పిల్లాడు నిలబడే ఉన్నాడు, ఉత్త చేతులతో వెళితే ఇంట్లో తిడతారని భయం. ఆవిడ లోపల్నుంచి వచ్చి, "మేము ఇవ్వలేదని చెప్పు, నీ తప్పు లేదు" అని పంపించారు. తండ్రి కాసేపటికి చిరచిరలాడుతూ వచ్చి, కొనుక్కుని వెళ్లాడు. అలాంటి ఒక్క అమ్మకంతో లైసెన్స్ పోయే ప్రమాదం ఉంది. ఆ మాట పక్కన పెట్టినా, పిల్లల చేతికి సీసా ఇచ్చే దుకాణానికి నేను పనిచేయను.

అప్పు విషయంలో ఆయన్ని ఒప్పించడానికి ఎక్కువ సమయం పట్టింది. కిరాణాలో ఖాతా పుస్తకం పెట్టడం మర్యాద. ఇక్కడ చాలాచోట్ల మద్యం అరువుకివ్వడం నిబంధనలకే విరుద్ధం. పైగా ఈ రోజు డబ్బు లేక అప్పు అడిగేవాడికి సీసా ఇస్తే ఆ రాత్రి వాళ్లింట్లో ఏమవుతుందో మనకు తెలియంది కాదు. "రేపు ఇస్తాలే అన్నా" అంటే "రేపే తీసుకో తమ్ముడూ" అని నవ్వుతూ చెప్పడం ఆయనకు ఇప్పుడు అలవాటైపోయింది. బాగా తాగి వచ్చినవాళ్లకూ అమ్మరు. గొడవ పెట్టుకోరు, కౌంటర్ దగ్గర వాదన పెరగకుండా "ఇవాళ్టికి చాలన్నా, ఇంటికెళ్లు" అంటారు.

వాసన వచ్చిన బీరు

తెరిచిన కొత్తలో ఒక బ్రాండ్ బీరు మీద ఫిర్యాదులు వచ్చాయి. "ఏదో వాసనొస్తోంది, రుచి తేడాగా ఉంది" అని. గడువు తేదీలు చూస్తే బాగానే ఉన్నాయి. ఇద్దరు ముగ్గురు సీసాలు తిరిగి తెచ్చాక నేను వెళ్లి చూశాను. ఆకుపచ్చ సీసాల బీరు. అందంగా ఉంటుందని పడమర వైపు అద్దం పక్కన పేర్చారు. మధ్యాహ్నం నుంచి ఎండ నేరుగా వాటి మీదే పడుతోంది.

బీరులో చేదు కోసం వేసే హాప్స్ అనే పూలలోని పదార్థాలు వెలుతురు తగిలితే విడిపోయి ఒక గంధకపు సమ్మేళనం తయారవుతుంది. దాని వాసన చాలా ఘాటు, రవ్వంత ఉన్నా ముక్కుకు తెలిసిపోతుంది. ముదురు గోధుమ రంగు సీసా ఆ రకం వెలుతురును చాలావరకు ఆపుతుంది. ఆకుపచ్చది తక్కువ ఆపుతుంది, రంగు లేనిది దాదాపు ఆపనే ఆపదు. డబ్బాకు ఆ బెంగే లేదు. అద్దం పక్కనుంచి బీరు తీసేసి అక్కడ స్పిరిట్స్ ఖాళీ అట్టపెట్టెలు అలంకరణకు పెట్టారు. ఫ్రిజ్‌లో కూడా కొత్త కేసు (సీసాల పెట్టె) వచ్చినప్పుడు వెనక పెట్టి, పాతవి ముందుకు జరపాలి. ఇది చెప్పడం తేలిక. రద్దీ సాయంత్రాల్లో కుర్రాళ్లు తలుపు తీసి ముందు వరసలోనే పెట్టేస్తారు. అందుకని ఫ్రిజ్ నింపే పనిని పొద్దుటి పూటకు మార్చాం.

మిగతా సరుకు గురించి ఇంత చెప్పక్కర్లేదు. సీలు తీయని విస్కీ, రమ్, వోడ్కా పాడవవు, కార్క్ ఉన్నవైతే నిలబెట్టే ఉంచాలి. కార్క్ ఉన్న వైన్‌ను పడుకోబెట్టాలి, లేకపోతే కార్క్ ఎండిపోయి గాలి చొరబడుతుంది. మీగడ కలిసే క్రీమ్ లిక్యూర్లకు గడువు ఉంటుంది, అది చూసుకోవాలి. గోడౌన్‌లో ఒక జాగ్రత్త మాత్రం ముఖ్యం. 40 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రవం మీద దాదాపు 26 డిగ్రీల వేడికే మండే ఆవిరి లేస్తుంది. మామూలు వేసవి గదిలో అంతకన్నా వేడే ఉంటుంది. పగిలిన కేసు పక్కనే కరెంటు బోర్డు ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి. కేసులకూ బోర్డుకూ దూరం పెట్టించాం, అగ్నిప్రమాద బీమా సరుకు విలువకు తగ్గట్టు తీసుకున్నారు.

లెక్క తేలని సీసాలు

ఒక సీసా పోతే ఒక సీసా లాభం పోయిందని అనుకుంటారు. అన్ని ఖర్చులూ పోను 100 అమ్మకం మీద 5 మిగులుతుందనుకుందాం. ఆ 100 సీసాను మనం 90కి కొన్నాం. అది పగిలినా, ఎవరైనా ఎత్తుకెళ్లినా ఆ 90 పూడ్చడానికి అలాంటివి 18 అమ్మాలి. అందుకే నేను పనిచేసే ప్రతి దుకాణంలో లెక్కింపు మీద పట్టుబడతాను.

రోజూ అన్నీ లెక్కపెట్టమంటే ఎవరూ చేయరు. బాగా నడిచే రకాలు, ఖరీదైనవి మాత్రం రోజూ రాత్రి షట్టరు సగం దించాక లెక్కపెడతారు. మిగతావి విడతలవారీగా. లెక్కపెట్టే మనిషికి పుస్తకంలో ఎంత ఉండాలో ముందు చెప్పకూడదు. చెబితే తెలియకుండానే చేయి ఆ అంకె దగ్గరే ఆగుతుంది. కుర్రాడు రాక్ దగ్గర లెక్కపెట్టి కాగితం మీద రాస్తాడు, ఆవిడ కంప్యూటర్‌తో పోల్చి చూస్తారు.

మొదటి నెలల్లో ఒక విచిత్రం కనబడింది. ఒక బ్రాండ్‌లో హాఫ్‌లు తక్కువ వస్తున్నాయి. ఆయనకు వెంటనే పనివాళ్ల మీద అనుమానం వచ్చింది, ఒకర్ని మాన్పించేద్దామా అని ఫోన్ చేశారు. ఆగమన్నాను. అదే బ్రాండ్ క్వార్టర్ల లెక్క చూద్దామంటే అవి సరిగ్గా అన్నే ఎక్కువ ఉన్నాయి. ఒక సైజు తగ్గి అదే బ్రాండ్‌లో ఇంకో సైజు అంతే పెరిగితే ముందుగా బిల్లింగ్‌నే చూడాలి. దొంగతనమైనా, పగిలినా తగ్గడమే ఉంటుంది, ఎక్కడా పెరగదు. బిల్లులు తీసి చూస్తే రద్దీ వేళల్లో, కౌంటర్‌లో ఎవరున్నా ఇది జరుగుతోంది. స్కాన్ చేయకుండా తెర మీద బొమ్మ నొక్కి బిల్లు వేస్తున్నారు. రెండు సైజుల బొమ్మలూ ఒకేలా పక్కపక్కనే ఉన్నాయి. హాఫ్ ఇచ్చి క్వార్టర్ బిల్లు, క్వార్టర్ డబ్బులు. గల్లాపెట్టె బిల్లులతో సరిపోతోంది కాబట్టి రాత్రి నగదు లెక్కలో ఇది ఎన్నాళ్లయినా దొరికేది కాదు. బొమ్మలు తీసేసి స్కానింగ్ తప్పనిసరి చేశాక ఆ తేడా ఆగిపోయింది. ఏ తప్పూ చేయని కుర్రాడి ఉద్యోగం నిలబడింది. ఈ మొత్తం పనిలో నాకు ఎక్కువ సంతోషం ఇచ్చింది అదే.

పగలడం విషయంలో కారణం అట్టపెట్టెల్లో దొరికింది. ఫ్రిజ్ నుంచి కారిన నీళ్లు కిందున్న కేసుల అడుగును నానబెడుతున్నాయి. ఎత్తగానే అడుగు ఊడి సీసాలు జారుతున్నాయి. కేసుల కింద ప్లాస్టిక్ పలకలు వేయించారు, అడుగున చెయ్యి పెట్టి ఎత్తాలని కుర్రాళ్లకు నేర్పించారు.

వెనక తలుపు దగ్గరికి వచ్చే సరుకు

దుకాణం కాస్త నిలదొక్కుకున్నాక ఎవరో ఒకరు తక్కువ ధరకు సరుకిస్తామని వస్తారు. ఇక్కడా వచ్చారు. తెలిసిన బ్రాండే, సీలు కూడా చూడ్డానికి బాగానే ఉంది, ధర మాత్రం పన్ను కన్నా తక్కువ. ఆ ధరకు అసలు సరుకు రానే రాదు. కల్తీ సరుకులో మిథనాల్ ఉంటే అది ఒంట్లో ఫార్మిక్ యాసిడ్‌గా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది, ప్రాణం కూడా తీస్తుంది. రంగులో, రుచిలో తేడా తెలియదు. ఆయన ఆ మనిషిని గుమ్మంలోంచే పంపించేసి, ఆ సంగతి అధికారులకు తెలియజేశారు. అనుమతి ఉన్న సరఫరాదారు దగ్గర, బిల్లుతో, కేసు నంబర్లు సరిచూసుకుని దింపుకున్న సరుకే రాక్ ఎక్కాలి. ఈ విషయంలో నేను ఎవరితోనూ చర్చ పెట్టుకోను.

ఇప్పుడు

మొదటి లైసెన్స్ కాలం దాదాపు పూర్తి కావస్తోంది. పెద్ద సెలవులకు ముందు వారం తప్ప సరుకు 30 భాగాలు దాటలేదు. సెలవుల కోసం తెచ్చిన స్పార్క్‌లింగ్ (బుడగలొచ్చే) వైన్ కొంత మిగిలిపోయింది, వచ్చే ఏడు ఆర్డరును ఆ మేరకు తగ్గించాలని నోట్ చేసుకున్నారు. బీరు, క్వార్టర్లు వేగంగా తిరుగుతున్నాయి. ఖరీదైన సీసాలు ఒక్కోటి ఒక్కోటిగానే ఉన్నాయి. రెన్యువల్ ఫీజు కోసం ప్రతి వారం అమ్మకాల్లో కొంత వేరే ఖాతాలో వేస్తున్నారు, ఆ ఖాతా కార్డు ఇంట్లోనే ఉంటుంది.

ఆయనకు రెండో దుకాణం మీద మనసు పడింది. రెన్యువల్ డబ్బు పూర్తిగా పోగయ్యాక, 20 భాగాల రొక్కం చెక్కుచెదరకుండా ఉంటే అప్పుడు మాట్లాడదామన్నాను. ఆవిడ ఆ రెండు అంకెలనూ లెక్కల పుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టుకున్నారు.